కుట్టు లేని తెర

నర్మద చివరిగా చేసిన పని చిక్కుడు తీగను గోడకు కట్టడం. శ్రావణ మాసం, పొద్దున్నే సన్నటి తుంపర పడుతోంది. పసరికలై కళ్ళు పచ్చబడి అప్పటికి పదిహేను రోజులు. లేవద్దని కన్నతల్లి అవ్వ మొత్తుకుంటూనే ఉంది. అయినా లేచి దొడ్లోకి పోయి, గాలికి ఒరిగిన తీగను మేకుకు కట్టి, ముడి నిలిచిందో లేదో రెండుసార్లు లాగి చూసింది. చేతులకు మన్నంటిందని చెల్లెలు సరోజనను పిలిచి నీళ్ళు పోయించుకుంది. కొంగుతో తుడుచుకుని లోపలికి వచ్చి పడుకుంది. మధ్యాహ్నం జావ తాగమని లేపితే లేవలేదు. ఇరవై ఏడేళ్ళు.

మర్నాడు మెట్‌పల్లిలో నేతగాళ్ళుండే సాలోళ్ళ వాడకట్టులో మగ్గాలు ఆగాయి. "నాటకాల నర్మద పోయింది" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ పేరు పెట్టింది వాడకట్టే. మొదట తిట్టుగా పెట్టి, తర్వాత అలవాటుగా పిలిచి, చివరికి ఎందుకు పెట్టారో కూడా మరిచిపోయారు. పాడె కట్టే చోట కూడా అదే పేరు వినబడేసరికి సరోజనకు ఒళ్ళు మండింది. అక్క ఒక్క నాటకంలో ఆడలేదు. ఆమెకు పాట రాదు, పద్యం రాదు. ఆమె కోరుకున్నది వేరు.

ఆ కోరిక పుట్టిననాడు సరోజన పక్కనే ఉంది. నర్మదకు పదమూడు, తనకు పదకొండు. జనమోహన డ్రామా కంపెనీ యేటా కోతలయ్యాక మెట్‌పల్లికి వచ్చేది. అంగడి వెనక ఖాళీ జాగాలో తడకలతో షెడ్డు వేసి, ఇరవై రోజులు ఆడి, గోదావరి దాటి లక్సెట్టిపేటకు పోయేది. ఆ రాత్రి నాటకంలో రాజు రాణిని అడవిలో విడిచిపెట్టాడు. వెనక అడవి తెర. చెట్ల మీద గుండ్రంగా చందమామ. తెర వెనక పెట్రోమాక్స్ దీపం పెట్టగానే చందమామ వెలిగింది. ఆడవాళ్ళంతా కళ్ళు ఒత్తుకుంటున్నారు. నర్మద చెల్లెల్ని మోచేత్తో పొడిచింది.

"గా చందమామ నడిమిట్ల కుట్టు సూసినవా?"

"రాణి ఏడుస్తుంది. అటు సూడవే."

"రాణి రోజు ఏడుస్తది. కుట్టు సూడు."

సరోజన చూసింది. నాలుగు బట్ట ముక్కలను పక్కపక్కన కుట్టి తెర చేశారు. దీపం వెలుగుకు ఆ కుట్లు నల్లగా, నిలువుగా తేలాయి. చందమామ రెండు ముక్కలైంది. అడవి జైలు కటకటాల్లాగా ఉంది. చుట్టూ వందలమంది ఉన్నారు, సగంమంది నేతగాళ్ళే. ఎవరికీ అది కనబడలేదు. కనబడినా పట్టలేదు.

ఇంటికి వచ్చే దారిలో నర్మద తేల్చేసింది. "నేను కంపెనీల పని చేస్త."

అది పిల్లల మాటలా పోలేదు. ఏడాది తర్వాత కూడా అదే అంది, రెండేళ్ళ తర్వాత కూడా అదే అంది. కంపెనీ ఏ ఊళ్ళో ఉందో, ఏ నాటకం ఆడుతోందో బస్సు డ్రైవర్లను అడిగి తెలుసుకునేది. బాసర పోయి వచ్చిన వాళ్ళెవరన్నా కనబడితే, గుడి సంగతి కాకుండా, దారిలో కంపెనీ షెడ్డు కనబడిందా అని అడిగేది. కండెలు చుట్టే చోట తోటి పిల్లలు ఆట పట్టించేవాళ్ళు.

"ఏం పని చేస్తవే? రాణి ఏషమా?"

"తెర పని."

"తెరకు మనిషెందుకు? బొంగు సాలు."

"బొంగుకు ఎర్కుంటదా ఎప్పుడు లేవాల్నో?"

వాళ్ళ నాయన అంబదాస్ చీరల నేతలో పేరున్నవాడు. తక్కువ మాటల మనిషి. ఆ వాడకట్టులో నూలుకు గంజి పెట్టడం, పడుగు సాగదీయడం, కండెలు చుట్టడం ఆడవాళ్ళ పని. గుంటలో కాళ్ళు పెట్టి మగ్గం మీద కూర్చునేది మాత్రం మగవాళ్ళే. ఆడది దిగితే నేత ఆగిపోతుందని నమ్మకం. ఎక్కడ ఆగిపోయిందో చూసినవాళ్ళు ఎవరూ లేరు. దిగిన ఆడవాళ్ళు కూడా ఎవరూ లేరు.

మగ్గం వెడల్పు మూడు మూరలు. తెరకు ఆరు మూరల ఎత్తు కావాలి. అందుకే ఎవరైనా ముక్కలు కుట్టవలసిందే. నర్మద దాని మీదే ఆలోచన పెట్టుకుంది. ఒకనాడు అటక మీద తాత నేసిన పాత సంచి దొరికింది. ఎక్కడా కుట్టు లేని సంచి. రెండు పొరలు ఒకేసారి మగ్గం మీద నేసినది. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసి, చెల్లెలి ముఖం ముందు ఆడించింది.

"దీనికి రెండు పక్కలు మూసుకున్నయి. ఒక్క పక్కనే మూసి, ఇంకో పక్క ఇడిసిపెడితే?"

"ఏమైతది?"

"మగ్గం మీదికెల్లి దించి మడత ఇప్పితే మూడు మూరలు ఆరు మూరలైతది. పొడుగు మన ఇష్టం. అడ్డంగ కడితే స్టేజీ అంత వస్తది."

మగ్గం కూడా దొరికింది. అవ్వకు అక్క యాదవ్వ రెండిళ్ళ అవతల ఒంటరిగా ఉండేది. పెళ్ళిళ్ళకు వంటలు చేసి బతికేది. ఆమె భర్త పోయినప్పటి నుంచి ఆ మగ్గం ముట్టినవాళ్ళు లేరు. నర్మద అడిగితే యాదవ్వ పొయ్యి ఊదుతూనే జవాబిచ్చింది. "నాలుగేండ్ల సంది ఆ గుంటల ఎలుకలు తిరుగుతున్నయి. ఎలుకలకు లేని పట్టింపు నీకెందుకు? దిగు."

నర్మద ఊళ్ళో వాళ్ళకు కండెలు చుట్టి, కూలికి బదులు నూలే అడిగి తీసుకుంది. రెండేళ్ళు కూడబెట్టింది. యాదవ్వ ఇంటి తలుపు వేసుకుని, పడుగును నాలుగు పాయలు చేసి, నాలుగు తొక్కుడు చెక్కలు కట్టి నేత మొదలుపెట్టింది. నేసేవాళ్ళకు పై పొరే కనబడుతుంది. కింది పొరలో పోగు తెగినా తెలియదు. అందుకని సరోజన గుంట పక్కన బోర్లా పడుకుని, బట్ట కిందకు అద్దం పట్టేది. "తెగింది" అంటే అడ్డపోగు తీసుకుపోయే నాడె ఆగాలి. "మంచిగుంది" అంటే కదలాలి. మెడలు పట్టేశాయి. అద్దం మీద దూది రేణువులు పడి మాటిమాటికి తుడవవలసి వచ్చేది.

నర్మదకు పదిహేనేళ్ళు వెళ్ళి పదహారు వచ్చినప్పుడు ఆ బట్ట దిగింది. మడతపెట్టి, గంజి పెట్టి, తలమీద పెట్టుకుని కంపెనీ షెడ్డుకు పోయారు అక్కాచెల్లెళ్ళు. కంపెనీ ఓనరు బుచ్చిరాములు మంచం మీద కూర్చుని గడ్డం గీయించుకుంటున్నాడు. తెరలకు రంగులు వేసే దేవదాస్ ఇద్దరు మనుషులతో దాన్ని బొంగుకు కట్టించి పైకి లాగాడు.

నిజంగానే కుట్టు లేదు. కానీ బట్ట నడుమ ఈ కొస నుంచి ఆ కొస దాకా బెత్తెడు వెడల్పున నల్లటి చార ఉంది. మగ్గం మీద మడత ఉన్న చోట, అడ్డంగా పేక లాగినప్పుడల్లా పోగులు దగ్గరికి గుంజుకువచ్చి ఒత్తుగా పడిపోయాయి. మడతలో ఉన్నంతకాలం అది కనబడలేదు. ఇప్పుడు కుట్టు కన్నా పది రెట్లు కనబడుతోంది.

"గీ పాము ఎందుకే అడివిల?" అన్నాడు బుచ్చిరాములు. రాజు వేషం వేసే మనిషి పళ్ళు తోముకుంటూ వచ్చి చూసి, "పాము కాదు సాబ్, గోదావరి. ఈదుకుంట పోయి పాడుత" అన్నాడు. అందరూ నవ్వారు. నర్మద నవ్వలేదు, ఏడవలేదు. "దించుండ్రి" అంది.

ఆ సాయంత్రానికే సంగతి అంబదాస్‌కు చేరింది. ఆయన నేరుగా ఆ బట్ట దగ్గరికి వచ్చాడు.

"గుంటల దిగినవా?"

"దిగిన."

"ఎవర్నడిగి?"

"అడిగితే వద్దంటవు. అందుకే అడగలే. దిగినందుకు మగ్గం కూలిందా, బాపూ?"

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అంబదాస్ చెయ్యెత్తలేదు. బట్టను వెలుగు దగ్గరికి తీసుకుపోయి, నడుమ ఉన్న చారను బొటనవేలితో రుద్ది చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంది. నేతగాడి పరేషాన్ కూడా ఉందని సరోజనకు తోచింది. "మడత కాడ పోగులు గుంజుకచ్చినయి. ఆపెటందుకు ఏం లేకపాయె" అని తనలో తాను అనుకుని, బట్టను కింద పడేసి పోయాడు. ఆ తర్వాత ఏడాదిపాటు ఆయన పెద్దబిడ్డతో మాట్లాడలేదు.

ఆ బట్ట చలికి కప్పుకునే దుప్పట్లయింది. నర్మద పగలు రాత్రి అనకుండా మళ్ళీ కండెలు చుట్టడం మొదలుపెట్టింది. ఈసారి నూలు ఇచ్చేవాళ్ళు తగ్గారు. ఇచ్చేవాళ్ళు నవ్వుతూ ఇచ్చారు. ఆమె నవ్వునూ తీసుకుంది, నూలునూ తీసుకుంది. మడత కాడ ఆపేదేమిటి అన్నదే పొద్దంతా ఆలోచన. వెదురు పుల్ల పెట్టి చూస్తే విరిగింది. లావు దారం పెడితే అదీ ఒరిగింది. చివరికి సైకిల్ షాపు ముందు పడేసిన బ్రేకు తీగ ఒకటి కనబడింది. దాన్ని మడత కొసన పడుగుతో పాటు బిగించి కట్టింది. పేక ఆ తీగ చుట్టూ తిరిగి వస్తుంది. పోగులు దగ్గరికి జరగనివ్వదు. బట్ట జరిగిన కొద్దీ తీగ దానిలోంచి జారి అక్కడే ఉంటుంది.

ఈసారి యాదవ్వ ఇంటి తలుపు బార్లా తెరిచి కూర్చుంది. వాడకట్టు పెద్ద అంతయ్య కర్ర పట్టుకుని వచ్చి గడపలో నిలబడ్డాడు.

"సిగ్గు లేదా పోరీ?"

"ఎందుకు తాతా, గుంటల కాళ్ళు పెట్టినందుకా? నువ్వు పెడ్తలేవా?"

"నేను మొగోణ్ణి."

"నాడెకు ఎర్కలేదు తాతా ఆ సంగతి. ఎవలు ఇసిరినా పోతుంది."

"ఆపకుంటే కులం బయట పెడ్తం. నిన్ను, గీ జాగ ఇచ్చినదాన్ని."

లోపలి నుంచి యాదవ్వ వచ్చింది, చేతిలో గంటెతో. "పెట్టుండ్రి బావా. లోపట ఉన్నప్పుడు నాకేం పెట్టిండ్రు? మీ ఇండ్లల్ల పెండ్లయితే వంటకు పిలుస్తరు, పందిరి కిందికి రానియ్యరు. బయట పెడితే వంట కూడ మీరే చేసుకోండ్రి."

అంతయ్య నేత వంక ఓ చూపు చూసి వెళ్ళిపోయాడు. కులం బయట పెట్టిందీ లేదు, పెళ్ళి వంటలకు పిలవడం మానిందీ లేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఆ చలికాలం నేత పూర్తయ్యేసరికి కంపెనీ మెట్‌పల్లి విడిచి లక్సెట్టిపేటకు పోయింది. నర్మద ఏడాది ఆగదలుచుకోలేదు. యాదవ్వను, సరోజనను వెంటబెట్టుకుని బస్సెక్కింది. గోదావరిలో పడవ ఊగినప్పుడల్లా బట్ట మూటను ఒళ్ళోకి లాక్కుంది. పొద్దు వాలే వేళకు షెడ్డు చేరారు.

బుచ్చిరాములు గుర్తుపట్టాడు. "పాము పిల్ల అచ్చింది" అన్నాడు.

"దీపం పెట్టి సూడుండ్రి" అంది నర్మద.

బట్ట పైకి లేచింది. వెనక పెట్రోమాక్స్ వెలిగించారు. తెల్లటి తెర ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే వెలుగు. దేవదాస్ దగ్గరికి వచ్చి వేలితో వెతికాడు. కళ్ళు మూసుకుని వెతికాడు. ముడత లేదు, చార లేదు. "ఏడ అతికినవు బిడ్డా?" అని అడిగాడు. ఆమె నవ్వింది. రెండేళ్ళలో అక్క అలా నవ్వడం సరోజన చూడలేదు.

"ఎంతకిస్తవు?" అన్నాడు బుచ్చిరాములు.

"అమ్మనీకి తేలే, సాబ్. నన్ను పనిల పెట్టుకోండ్రి. తెర నా ఎంట అస్తది."

"పాట అస్తదా?"

"రాదు."

"పోనీ ఆట?"

"రాదు. దాసి ఏషం కూడ ఎయ్య. మీ తెరలన్ని చినుగులే. చినిగినయి బాగు చేస్త, ఏడాదికి ఒకటి కొత్తది నేస్త. కట్టుడు, ఎత్తుడు, దించుడు నేనే సూసుకుంట."

"ఆడిపిల్లవు."

"తెరకు తెలుస్తదా?"

రాజు వేషం మనిషి ఈసారి నవ్వలేదు. బుచ్చిరాములు గడ్డం గోక్కున్నాడు. చెడ్డమనిషి కాదు, భయస్తుడు. "మీ బాపును తోల్కరా. ఆయన నోటితోని చెప్తే పెట్టుకుంట. లేకుంటే మీ కులపోళ్ళు నా షెడ్డుకు అగ్గి పెడుతరు. తెర ఇడిసిపెట్టి పో. వచ్చేయేడు సూద్దాం."

నర్మద తాడు విప్పి తెర దించింది. ఎవరి సాయమూ లేకుండా మడతపెట్టింది. "నేనున్న కాడనే ఇది ఉంటది" అని మూట నెత్తికెత్తుకుంది. దేవదాస్ వాళ్ళ వెనకాలే పడవ రేవు దాకా వచ్చాడు. పడవలో యాదవ్వ సణిగింది. "ఇచ్చి పడేస్తే అయిపోవు గదనే. ఒచ్చేయేడు పిలుస్తుండె." నర్మద నీళ్ళ వైపు చూస్తూ, "తెరను పిలుస్తుండె. నన్ను పిలువకపోతుండె" అంది.

మెట్‌పల్లి చేరిన మర్నాడు, దీపాలు పెట్టే వేళ, ఆమె ఆ బట్టను వాడకట్టు నడివీధిలో ఇటు గోడకూ అటు గోడకూ అడ్డంగా కట్టింది. చాయ్ హోటల్ నుంచి పెట్రోమాక్స్ తెచ్చి వెనక పెట్టింది. ఎవరినీ పిలవలేదు. మగ్గాలు ఒకటొకటిగా ఆగాయి. మగవాళ్ళు బయటికి వచ్చారు. నవ్వుదామనే వచ్చారు. కానీ నేతగాళ్ళు కదా, ముందు చేతులు పోయాయి బట్ట మీదికి. అతుకు ఎక్కడుందో చూపిస్తానని ఒకడు పందెం కాశాడు. గోటితో గీకినవాడు గీకాడు, చెంప ఆనించి చూసినవాడు చూశాడు. అంతయ్య కర్ర గోడకు ఆనించి రెండు చేతులతో వెతికాడు. దొరకలేదు.

అంబదాస్ అందరికన్నా చివర వచ్చాడు. దారి ఇచ్చారు. ఆయన నడుమ వైపు చూడనే లేదు. అక్కడ ఏమీ ఉండదని ఆయనకు ముందే తెలిసినట్టుంది. పై అంచు పట్టుకుని చూశాడు.

"అంచు వదులైంది" అన్నాడు. ఏడాది తర్వాత బిడ్డతో అన్న మొదటి మాట అది.

"అవును బాపు. కొసకు చేతులు నొచ్చినయి."

"పేక తడిపి నెయ్యాలె" అని ఇంటికి పోయాడు.

మరుసటి ఏడు కంపెనీ ఊళ్ళోకి వచ్చిన రెండోనాడే బుచ్చిరాములు దేవదాస్‌ను వెంటబెట్టుకుని వాళ్ళ ఇంటికి వచ్చాడు. ఏడాది పొడుగునా దేవదాస్ ఆ తెర సంగతి తప్ప మాట్లాడలేదట. అంబదాస్ మగ్గం దిగలేదు. కూర్చున్నచోటి నుంచే విన్నాడు.

"మీ బిడ్డను పెట్టుకోవాలంటే మీ మాట గావాలె" అన్నాడు బుచ్చిరాములు.

"నా మాట ఏం జేసుకుంటవు? గది నా మాట ఇనే బిడ్డయితే గుంటల ఎందుకు దిగుతది?"

"అంటే పంపుతున్నట్టా, లేదా?"

"నేను పంపుత లేను. అదే పోతుంది. ఆపుడు నా చేతనైత లేదు. నీ చేతనైతే నువ్వు ఆపు" అని నాడె విసిరాడు.

బుచ్చిరాములు అర్థంకాక చూశాడు. నర్మదకు అర్థమైంది. అప్పటికే ఆమె పెట్టె సర్దుకుని ఉంది. ఒంటరిగా ఎందుకని యాదవ్వ తన గంటెలు, గిన్నెలు మూటగట్టుకుని కంపెనీకి వంటమనిషిగా బయలుదేరింది.

తొమ్మిదేళ్ళు. ఏడాదికి ఒకటి చొప్పున తెరలు నేసింది. అడవి, దర్బారు, కోనేరు, శ్మశానం. వానలకు కంపెనీ ఆగినప్పుడు ఇంటికి వచ్చి యాదవ్వ గుంటలో కూర్చునేది. అప్పటికి గడపలోకి వచ్చి నిలబడేవాళ్ళు లేరు. పెళ్ళి సంబంధాలు రెండు వచ్చాయి, కంపెనీ మానాలంటే వద్దంది. ఊరూరా పక్కా సినిమా టాకీసులు లేచాక షెడ్డుకు జనం తగ్గారు. చివరికి బుచ్చిరాములు తడకలు అమ్మి, ఎవరి సామాను వాళ్ళకిచ్చి కంపెనీ మూసేశాడు. నర్మద ఇంటికి వచ్చి, మర్నాటి నుంచే మగ్గం ఎక్కింది. సినిమా వాళ్ళ తెర ఎట్లా అతుకుతారో చూడాలని ఒకటి రెండుసార్లు టాకీసుకు పోయి వచ్చింది. "అది కూడ ముక్కలే" అని తేల్చింది. మరుసటి శ్రావణానికి పోయింది.

పదో నాడు దేవదాస్ వచ్చాడు. ముసలివాడైపోయాడు. లక్సెట్టిపేట నుంచి పొద్దున్నే బయలుదేరి వచ్చాడట. చెట్టంత మనిషి గోడకు ఆనుకుని కూర్చుని, ఇచ్చిన నీళ్ళు తాగకుండా పట్టుకున్నాడు. సరోజన ఏదో ఒకటి మాట్లాడాలని, అక్క నేసిన అడవి తెర మొదటిసారి మెట్‌పల్లిలో లేచిననాటి సంగతి ఎత్తింది. తాను ముందు వరుసలో కూర్చుంది. చెట్ల వెనక వెలుగు పాకి, చందమామ ఒక్క ముక్కగా పైకి వస్తుంటే జనం పిల్లల ఏడుపులు కూడా ఆపి చూశారు. తర్వాత ఏటా చూసింది. ఏటా అంతే.

దేవదాస్ తలెత్తాడు. "గిది ఆమెకు చెప్పినవా బిడ్డా?"

"చెప్పుడెందుకు? ఆమె తెరనే గద. ఆమెకు ఎర్కలేదా?"

"ఏడికెల్లి ఎర్కైతది? తెర ఎనక తాడు ఆట అయ్యెదాక ఆమె చేతులనే ఉంటుండె. ఒక్క దినం నేను పట్టుకుంట, ముంగటికి పోయి సూసిరా నర్మదా అంటే, వేరేటోళ్ళు గుంజితే మడత పడతది అని ఇయ్యకపోతుండె. రంగులేసి, దీపం పెట్టినంక ఆ తెరను ఆమె ఎన్నడు ముంగటికెల్లి సూడలే."